డివిడెండ్ షేర్లు: గడ్డు ఏడాదిలో ఎంత ఇచ్చిందో చూశారా?

ప్రశ్న: సార్, మాది తిరుపతి బైరాగిపట్టెడ. దేవస్థానంలో పనిచేసి రెండేళ్ల కింద రిటైరయ్యాను. పింఛను వస్తుంది, ఇల్లు సొంతం. చేతిలో 20 లక్షలు ఉంది. ఎఫ్‌డీ వడ్డీ ఏ మూలకూ చాలడం లేదని మా అల్లుడు డివిడెండ్ బాగా ఇచ్చే షేర్లు పదిహేను రాసిచ్చాడు. యాప్‌లో డివిడెండ్ ఈల్డ్ ఎక్కువున్నవాటిని పై నుంచి వరసగా తీసుకున్నాడంట. కొన్నింటికి 9, 10 శాతం కూడా చూపిస్తోంది. ఇవి కొనేసి పదేళ్లు కదపకుండా ఉంచుకోవచ్చా? కోర్ షేర్లు అంటే ఇవేనా?

జవాబు: ఆ వరస చూసి మాత్రం కొనకండి సార్. అల్లుడుగారు మీ మంచి కోరే రాసిచ్చారు, అందులో అనుమానం లేదు, కానీ యాప్ ఆ వరసను ఎలా పేరుస్తుందో ఒకసారి చూడండి. కంపెనీ తన లాభంలోంచి పోయిన ఏడాది షేరుకు పంచిన డబ్బును, అంటే డివిడెండ్‌ను, ఈ రోజు ధరతో భాగిస్తుంది, అంతే. ఆ శాతాన్నే ఈల్డ్ అంటారు. 100 రూపాయల షేరు 5 రూపాయలు ఇస్తే 5 శాతం. ఆ కంపెనీకి ఏదో కష్టం వచ్చి షేరు 50కి పడిపోయిందనుకోండి, అదే 5 రూపాయలకు యాప్ 10 శాతం అని చూపిస్తుంది. కంపెనీ పైసా ఎక్కువ ఇవ్వలేదు, వచ్చే ఏడు ఆ 5 కూడా ఇస్తుందో లేదో తెలియదు, అయినా వరసలో పైకి ఎక్కి కూర్చుంటుంది. అందుకే ఆ జాబితాలో పైనున్న పేర్లనే ఎక్కువ అనుమానంగా చూడాలి.

పైకి ఎక్కడానికి ఇంకో దారి కూడా ఉంది, ఒక్కసారికి ఇచ్చే పెద్ద డివిడెండ్. వేదాంత 2022-23లో షేరుకు మొత్తం 101 రూపాయల 50 పైసలు పంచింది. లండన్‌లో ఉన్న తల్లి కంపెనీ మీద అప్పుల భారం ఉంది, దానికి డబ్బు చేరడానికి ఇదో పెద్ద దారి. మరుసటి ఏడాది అది 29 రూపాయల 50 పైసలకు దిగింది. మొదటి ఏడాది అంకె చూసి కొన్నవాళ్లు ఎంత ఆశ పెట్టుకుని ఉంటారో ఆలోచించండి. టీసీఎస్ లాంటి గట్టి కంపెనీలో కూడా ఈ తేడా గమనించాలి. 2024-25లో షేరుకు 126 రూపాయలు ఇచ్చింది, కానీ అందులో 66 స్పెషల్ డివిడెండ్. ఏటా వస్తుందని లెక్క వేసుకోవాల్సింది మిగిలిన 60 రూపాయల్నే.

మరి కోర్ షేరు, అంటే పెట్టుబడికి పునాదిగా ఉంచుకునే షేరు, ఏది? నా దృష్టిలో పరీక్ష ఒక్కటే, గడ్డు ఏడాదిలో అది ఏం చేసింది? ప్రపంచ ఆర్థిక సంక్షోభం వచ్చిన 2008-09 చూడండి, కరోనా వచ్చిన 2019-20, 2020-21 చూడండి. అందరి వ్యాపారం మూతపడినప్పుడు కూడా డివిడెండ్ ఆపకుండా, పెద్దగా తగ్గించకుండా ఇవ్వగలిగిందా? ఇచ్చిన డబ్బు సొంత సంపాదనలోంచి వచ్చిందా, అప్పులోంచి వచ్చిందా? ఇది తెలుసుకోవడానికి కంపెనీ వార్షిక నివేదికలో క్యాష్ ఫ్లో పేజీ చూడాలి. వ్యాపారంలోంచి చేతికి వచ్చిన నగదులో యంత్రాలకు, ఫ్యాక్టరీలకు పెట్టిన ఖర్చు తీసేయండి, మిగిలింది డివిడెండ్ కన్నా ఎక్కువగా ఉండాలి. ఐదారేళ్లు వరసగా అలా ఉంటే మంచి గుర్తు. వరసగా తక్కువ పడుతూ, అప్పు పెరుగుతూ పోతుంటే ఆ డివిడెండ్‌కు ఆయుష్షు తక్కువ.

ఇది నేను అనుభవించి చెబుతున్న మాట. పదిహేనేళ్ల కింద 8 శాతం ఈల్డ్ చూసి ఒక కంపెనీ షేర్లు కొన్నాను, పేరు ఇక్కడ అవసరం లేదు. రెండేళ్లు డివిడెండ్ ఠంచనుగా వచ్చింది, మూడో ఏడు ఆగిపోయింది, షేరు ధర నేను కొన్నదాంట్లో సగం అయింది. తర్వాత పాత నివేదికలు తీసి చూస్తే, లాభం కాగితం మీదే ఉంది, నగదు మూడేళ్లుగా లేదు, డివిడెండ్ అంతా బ్యాంకు అప్పుతో ఇచ్చారు. కొనేముందు ఆ ఒక్క పేజీ తిప్పి ఉంటే తెలిసిపోయేది. ఆ బాధ ఇప్పటికీ ఉంది, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

వ్యాపారం స్వభావం కూడా చూడాలి. మన జిల్లాలో మామిడి తోటలున్నవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. తోతాపురి ఒక ఏడు ఫ్యాక్టరీవాళ్లు ఎగబడి కొంటారు, ఇంకో ఏడు అడిగే నాథుడు ఉండడు, 2025లో ప్రభుత్వం కిలోకు 4 రూపాయలు తాను కలిపి 12 అందేలా చూడాల్సి వచ్చింది. బొగ్గు, ఉక్కు, జింకు, ముడిచమురు వ్యాపారాలు అలాంటివే, ధర కంపెనీ చేతిలో ఉండదు. కోల్ ఇండియానే తీసుకోండి. 2010లో 245 రూపాయలకు పబ్లిక్ ఇష్యూకు వచ్చింది, 2020 అక్టోబర్‌లో అందులో సగం కన్నా కిందికి పడింది. డివిడెండ్లు వస్తూనే ఉన్నాయి, 2024-25కు షేరుకు 26 రూపాయల 50 పైసలు ఇచ్చింది, ఓపిగ్గా పట్టుకున్నవాళ్లకు ఇప్పుడు పెట్టుబడి మీద పది శాతం పైనే వస్తోంది. కానీ ఆ మధ్య పదేళ్లు ఎంతమంది గుండె నిబ్బరంతో ఉండగలిగారు? ఇలాంటి షేరు జాబితాలో ఒకటి ఉంటే సరే, పునాది అంతా దాని మీద కట్టకూడదు.

ప్రభుత్వ కంపెనీల గురించి ఒక మాట. కేంద్రం 2024 నవంబర్‌లో సవరించిన నిబంధన ప్రకారం అవి లాభంలో 30 శాతం గానీ, నెట్‌వర్త్‌లో (ఆస్తుల్లోంచి అప్పులు తీసేస్తే మిగిలేదాంట్లో) 4 శాతం గానీ, ఏది ఎక్కువైతే కనీసం అది డివిడెండ్‌గా ఇవ్వాలి. మనకది మేలే, అయితే అక్కడ పెద్ద వాటాదారు ప్రభుత్వమే కాబట్టి తన అవసరాన్ని బట్టి నిర్ణయాలు తీసుకుంటుంది. బ్యాంకుల దగ్గర చిక్కు వేరు, 2020 ఏప్రిల్‌లో రిజర్వ్ బ్యాంకు ఒక్క ఆదేశంతో ఆ ఏడాది లాభాల మీద అన్ని బ్యాంకుల డివిడెండ్లూ ఆపించింది. మంచి బ్యాంకు, చెడ్డ బ్యాంకు అని చూడలేదు. బ్యాంకు షేర్లు వద్దని కాదు, మందుల ఖర్చు వాటి డివిడెండ్ మీద పెట్టుకోవద్దని అంటున్నా.

నేను వెతికితే ముందు రోజూ అమ్ముడుపోయే సరుకుల కంపెనీల వైపు, కరెంటు లైన్లు వేసే పవర్‌గ్రిడ్ లాంటి, రేట్లను నియంత్రణ సంస్థ నిర్ణయించే కంపెనీల వైపు, అప్పు లేని పెద్ద ఐటీ కంపెనీల వైపు చూస్తాను. ఎనిమిది నుంచి పది షేర్లు, వేర్వేరు వ్యాపారాల్లో, ఏ ఒక్కటీ మొత్తంలో ఎనిమిదో వంతు దాటకుండా. పదిహేను అయితే మీరు ఒక్కరే నివేదికలు చదవలేరు. ఈ పేర్లన్నీ ఉదాహరణకు చెప్పినవే. ఫలానాది కొనమని మీకు చెప్పాలంటే షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ రిజిస్ట్రేషన్ ఉన్న సలహాదారు మీ లెక్కలన్నీ చూసి చెప్పాలి.

ఇక అసలు సంగతి, మీ 20 లక్షలు. గట్టి కంపెనీల ఈల్డ్ మామూలుగా 1 నుంచి 4 శాతం మధ్యే ఉంటుంది. 3 శాతం అనుకున్నా 20 లక్షలకు ఏడాదికి 60 వేలు, నెలకు 5 వేలు. ఎఫ్‌డీ వడ్డీ కన్నా తక్కువే! పోస్టాఫీసు సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీమ్ వడ్డీ 2023 ఏప్రిల్‌లో 8.2 శాతం అయింది, అందులో 30 లక్షల దాకా పెట్టొచ్చు, మూడు నెలలకోసారి వడ్డీ చేతికొస్తుంది. మీకు నెలనెలా డబ్బు కావాలంటే దారి అది. డివిడెండ్ షేర్ల బలం వేరే చోట ఉంది, వడ్డీ పెరగదు గానీ మంచి కంపెనీ డివిడెండ్ పెరుగుతూ పోతుంది. 2004లో టీసీఎస్ షేరు 850 రూపాయలకు ఇష్యూకు వచ్చింది, 2006, 2009, 2018లో ఒక షేరుకు ఇంకో షేరు ఉచితంగా బోనస్ ఇచ్చింది, ఆ ఒక్క షేరు ఎనిమిది అయింది. 2024-25లో స్పెషల్ తీసేసినా ఆ ఎనిమిదికి 480 రూపాయల డివిడెండ్ వచ్చింది. అన్నీ టీసీఎస్‌లు కావు, అప్పట్లో పేరు మోగిన ఎన్నో కంపెనీలు ఇప్పుడు లేవు, అందుకే పది రకాలు అంటున్నాను. 13, 14 లక్షలు పోస్టాఫీసులోనో బ్యాంకులోనో భద్రంగా ఉంచి, మిగిలిన ఆరేడు లక్షలు ఏడాదిన్నర పాటు కొంచెం కొంచెంగా షేర్లలో పెట్టండి. వచ్చిన డివిడెండ్‌తో మళ్లీ షేర్లే కొంటూ పోతే డెబ్బై ఏళ్లు దాటాక అది మీకు రెండో పింఛను అవుతుంది.

పన్ను సంగతి కూడా తెలుసుకోండి. 2020 ఏప్రిల్ నుంచి డివిడెండ్ మీ ఆదాయంలో కలుస్తుంది, మీ స్లాబ్ ప్రకారం పన్ను. ఒక కంపెనీ నుంచి ఏడాదికి 10 వేలు దాటితే 10 శాతం టీడీఎస్, అంటే ముందుగానే పన్ను, పట్టుకుని ఇస్తారు. కొత్త విధానంలో మీ మొత్తం ఆదాయం 12 లక్షల లోపు ఉంటే రిబేటు వల్ల పన్ను పడదు, పట్టుకున్నది రిటర్న్ వేసి వెనక్కి తెచ్చుకోవచ్చు.

ప్రశ్న: అయ్యా, మాది చిత్తూరు. మా ఆయన పోయి మూడేళ్లయింది. ఆయన బీరువాలో పాత షేరు కాగితాలు, బ్యాంకులో వేయని డివిడెండ్ చెక్కులు దొరికాయి. ఇవి ఇంక పనికిరావని పిల్లలు అంటున్నారు. నిజమేనా?

జవాబు: ఒక్క కాగితం కూడా పారేయకండమ్మా. ఆ చెక్కులకు గడువు తీరిపోయి ఉండొచ్చు, డబ్బు మాత్రం పోలేదు. ఏడేళ్లపాటు ఎవరూ తీసుకోని డివిడెండ్‌ను కంపెనీ కేంద్ర ప్రభుత్వ నిధికి జమ చేస్తుంది, దాన్ని ఐఈపీఎఫ్ అంటారు. వరసగా ఏడేళ్లు తీసుకోకపోతే షేర్లు కూడా అక్కడికే వెళతాయి. వారసులు అడిగితే రెండూ తిరిగి ఇస్తారు. ముందు ఆ కాగితాల మీదున్న ఫోలియో నంబర్లు ఒక పుస్తకంలో రాసుకోండి, కంపెనీ తరఫున షేర్ల లెక్కలు చూసే రిజిస్ట్రార్‌కు ఉత్తరం రాసి షేర్లు ఇంకా వాళ్ల దగ్గర ఉన్నాయా, నిధికి వెళ్లాయా అడగండి. నిధికి వెళ్లి ఉంటే ఐఈపీఎఫ్-5 అనే ఫారం ఆన్‌లైన్‌లో వేయాలి. మరణ ధ్రువీకరణ పత్రం, మీ పాన్, బ్యాంకు వివరాలు, నామినీ పేరు లేకపోతే వారసత్వ పత్రాలు కావాలి. మీ పేరున డీమ్యాట్ ఖాతా, అంటే షేర్లను కాగితం లేకుండా ఉంచే ఖాతా, తెరవక తప్పదు. కాగితం షేర్లకు పాన్, బ్యాంకు వివరాలు ఇవ్వకపోతే 2024 ఏప్రిల్ నుంచి డివిడెండ్ చెల్లించడం లేదు, అందుకే ఆలస్యం చేయకండి. నెలలు పడుతుంది, ఓపిక పట్టండి. మధ్యవర్తులు వచ్చి సగం వాటా అడిగితే ఒప్పుకోకండి, ఫారం వేయడానికి ఫీజు కూడా లేదు.

ప్రశ్న: అన్నా, నేను కరకంబాడిలో అమరరాజాలో పనిచేస్తున్నా. మా కంపెనీ షేర్లే కొని పోర్ట్‌ఫోలియోకు కోర్‌గా పెట్టుకుందామనుకుంటున్నా. ఏమంటావు?

జవాబు: తమ్ముడూ, 1985లో మన ఊరి పక్కనే పుట్టి ఇంత పెరిగిన కంపెనీ అంటే నాకూ గర్వమే. అయినా పునాదిగా వద్దు. నీ జీతం అక్కడిదే, పీఎఫ్ ఆ జీతంలోదే, ఇంట్లో గది అద్దెకిచ్చి ఉంటే ఆ అద్దె కూడా అక్కడి ఉద్యోగి నుంచే వస్తుంది. దాచుకున్న డబ్బు కూడా అక్కడే పెడితే, ఒక్క చెడ్డ ఏడాది వస్తే అన్నీ కలిసి తగ్గుతాయి. ఇంకో సంగతి, మహబూబ్‌నగర్ దగ్గర లిథియం బ్యాటరీల ఫ్యాక్టరీకి పదేళ్లలో 9,500 కోట్లు పెడతామని 2022లో ప్రకటించారు. అంత పెట్టుబడి పెట్టే దశలో ఉన్న కంపెనీ లాభాన్ని వ్యాపారంలోనే వాడుకోవాలి, అది తప్పు కాదు. పెరుగుతుందని నమ్మితే కొంచెం కొనుక్కో, నీ షేర్ల మొత్తంలో ఇరవయ్యో వంతు దాటనీయకు.

ప్రశ్న: ‘500 శాతం డివిడెండ్’ అని పేపర్లో చూశాను. రికార్డు తేదీ (ఆ రోజుకు షేరు ఉన్నవాళ్లకే డివిడెండ్) ముందు రోజు కొని, డివిడెండ్ తీసుకుని మర్నాడు అమ్మేస్తే లాభమే కదా?
- రేణిగుంట పాఠకుడు

జవాబు: ఆ శాతం ముఖ విలువ మీద, అంటే షేరు కాగితం మీద రాసిన విలువ మీద లెక్క, మార్కెట్ ధర మీద కాదు. రూపాయి ముఖ విలువ ఉన్న షేరుకు 500 శాతం అంటే 5 రూపాయలు. షేరు ధర 800 అయితే మీకు ఒక శాతం కూడా రాదు. మర్నాడు పొద్దున మార్కెట్ తెరిచేసరికి ధర దాదాపు ఆ 5 రూపాయల మేర తగ్గే మొదలవుతుంది. పైగా డివిడెండ్ మీద పన్ను, కొన్నందుకు, అమ్మినందుకు ఖర్చులు. ఆ డబ్బు మీ జేబులోంచే తీసి మీకే ఇచ్చినట్టు అవుతుంది.