టెలిగ్రామ్‌లో గ్రంథాలయం యాప్ పెట్టబోతున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి,

మామయ్య ఆశీస్సులు. మీ వీధి గ్రంథాలయానికి టెలిగ్రామ్‌లో మినీ యాప్ (టెలిగ్రామ్ లోపలే తెరుచుకునే వెబ్ పేజీ) చేస్తున్నావని, రెండు వారాల్లో పాఠకుల చేతికి ఇస్తావని మీ అమ్మ చెప్పింది. నువ్వు పంపిన పేజీలు నిన్న రాత్రి తెరిచి చూశాను. పుస్తకాల పట్టిక చక్కగా కుదిరింది. అక్షరాలు పెద్దవిగా పెట్టావు, చాలా సంతోషం. అక్కడికి వచ్చేవాళ్లలో ఎక్కువ మంది కళ్లజోడు వెతుక్కునే వయసువాళ్లే. కానీ వెనక ఉన్న సర్వర్ (పేజీ పంపినదాన్ని అందుకుని దాచే కంప్యూటర్) కోడ్ చదివాక ఈ ఉత్తరం రాయకుండా ఉండలేకపోయాను.

ఎవరైనా ‘ఈ పుస్తకం నాకు ఉంచండి’ అని నొక్కితే నీ పేజీ ఆ పాఠకుడి టెలిగ్రామ్ ఖాతా సంఖ్యను, పుస్తకం సంఖ్యను సర్వర్‌కు పంపుతోంది. సర్వర్ ఆ రెండింటినీ నమ్మి రాసుకుంటోంది. నేను చేసిన తప్పు కూడా సరిగ్గా ఇదే.

టెలిగ్రామ్‌లో బాట్‌లు, అంటే మనిషి బదులు ప్రోగ్రామ్ జవాబిచ్చే ఖాతాలు, 2015లో వచ్చాయి. వాటిలోపల ఇలా వెబ్ పేజీలు తెరుచుకునే వీలు 2022 ఏప్రిల్‌లో వచ్చింది. ఆ ఏడాదే నేను ఒక శిక్షణ కేంద్రానికి తరగతుల సీట్లు బుక్ చేసుకునే యాప్ తయారు చేశాను. ఒక విద్యార్థి కంప్యూటర్ బ్రౌజర్‌లో, పేజీ పంపే సమాచారంలో ఉన్న సంఖ్యను మార్చి, వేరొకరి పేరు మీద ఉన్న సీటు రద్దు చేసి తాను తీసుకున్నాడు. మర్నాడు ఉదయం ఆ సీటు తనదే అనుకున్న అమ్మాయి రెండు బస్సులు మారి వచ్చింది. భుజాన సంచితో గుమ్మం దగ్గరే నిలబడి, ఫోనులో తన బుకింగ్ కోసం వెతుక్కుంటోంది. అది అక్కడ లేదు. తప్పు ఆమెది కాదని నేను వివరించేసరికి తరగతి సగం అయిపోయింది. ఆ దృశ్యం నన్ను ఇప్పటికీ వదలలేదు.

టెలిగ్రామ్ నీ పేజీకి సమాచారాన్ని రెండు రూపాల్లో ఇస్తుంది. ‘ఇనిట్‌డేటాఅన్‌సేఫ్’ చదవడానికి తేలిక, కానీ నమ్మదగింది కాదని పేరులోనే చెప్పారు. తెర మీద పాఠకుడి పేరు చూపడానికి దాన్ని వాడుకో, అంతకు మించి వద్దు. సర్వర్‌కు పంపవలసింది రెండోది, ‘ఇనిట్‌డేటా’ అనే పొడవైన అక్షరాల వరస. దాంట్లో ‘హ్యాష్’ అని ఒక ముద్ర ఉంటుంది. నీ బాట్ టోకెన్ (బాట్‌కు టెలిగ్రామ్ ఇచ్చే రహస్య సంకేతం) తెలిసినవాళ్లు తప్ప ఇంకెవరూ ఆ ముద్ర వేయలేరు.

ముద్రను సరిచూసే పద్ధతి ఇది. హ్యాష్‌ను పక్కన పెట్టి, మిగిలినవన్నీ పేర్ల అక్షరక్రమంలో ‘పేరు=విలువ’గా వరసకు ఒకటి చొప్పున పేర్చు. తర్వాత ‘వెబ్‌యాప్‌డేటా’ అనే మాటను తాళంచెవిగా, టోకెన్‌ను సందేశంగా తీసుకుని హెచ్‌మ్యాక్ షా-256 (తాళంచెవితో ముద్ర వేసే లెక్క) కట్టు. వచ్చిన ఫలితమే రహస్య తాళంచెవి. దానితో, పేర్చిన వరసలకు మళ్లీ అదే లెక్క కట్టి, హ్యాష్‌తో పోల్చు. ఇక్కడ చాలా మంది తడబడతారు. టెలిగ్రామ్ పత్రాల్లో టోకెన్ ముందు, ఆ మాట తర్వాత రాసి ఉంటుంది; నువ్వు వాడే లైబ్రరీ బహుశా తాళంచెవిని ముందు అడుగుతుంది. కళ్లు మూసుకుని అదే వరసలో పెట్టావంటే ఏ ముద్రా సరిపోదు. ఇనిట్‌డేటా ఎప్పటిదో చెప్పే ‘ఆత్‌డేట్’ కూడా చూడు, ఒక రోజు దాటినదైతే తిరస్కరించు.

మన తెలుగువాళ్లకు ఎదురయ్యే చిక్కు ఇంకొకటి ఉంది. యూజర్ వివరాల్లో పేరు తెలుగులో ఉంటే, వాటిని విప్పి, మళ్లీ కట్టి, అప్పుడు ముద్ర సరిచూడవద్దు. పైథాన్‌లో, ఆ వివరాలను పాఠంగా కట్టే జేసన్ లైబ్రరీ, మనం ఆపకపోతే, తెలుగు అక్షరాలను సంకేతాలుగా మార్చి రాస్తుంది. అందువల్ల లోపలి పాఠం మారిపోయి, ముద్ర సరిపోకపోవచ్చు. అప్పుడు ఇంగ్లీషులో పేరు పెట్టుకున్న నీకు యాప్ బాగానే పని చేస్తూ, పేరు తెలుగులో రాసుకున్న పెద్దాయనకు మాత్రం తలుపు తెరుచుకోదు. వచ్చిన పాఠాన్ని ఒక్కసారి డీకోడ్ చేసి, ఉన్నది ఉన్నట్టుగానే సరిచూసి, ఆ తర్వాతే విప్పు.

అలాగే బటన్ల వెనక పుస్తకాల పేర్లు పెట్టకు. బాట్ సందేశం కింద పెట్టే బటన్‌లో దాచగలిగే సమాచారం 64 బైట్లు. అక్షరాలను దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు గుర్తు ఒక్కోటి 3 బైట్లు తింటుంది. వత్తులు, గుణింతాలు, సున్నాలు విడివిడిగా లెక్కకు వస్తాయి. ‘పుస్తకం’ అన్న ఒక్క మాటకే 21 బైట్లు ఖర్చు. యాప్ లింకులో పంపే మాటల్లోనైతే తెలుగుకు అసలు చోటే లేదు: ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, రెండు రకాల గీతలు మాత్రమే. కాబట్టి ప్రతి పుస్తకానికి రిజిస్టరులో ఉన్న సంఖ్యనే వాడు, అది చాలు.

యాప్ తెరిచే బటన్‌ను కీబోర్డు బటన్‌గా, అంటే టైపు చేసే చోట వచ్చే బటన్‌గా పెట్టావు. అలా తెరిస్తే ఇనిట్‌డేటా ఖాళీగా వస్తుంది. బాట్‌లను నమోదు చేసే టెలిగ్రామ్ వారి బాట్ అయిన బాట్‌ఫాదర్‌లోకి వెళ్లి మెనూ బటన్‌కు నీ యాప్ చిరునామా ఇవ్వు. ఆ చిరునామా హెచ్‌టీటీపీఎస్‌తో మొదలవ్వాలి.

టోకెన్ గురించి గట్టిగా చెబుతున్నాను: నీ కోడ్‌లో అది అక్షరాలా రాసి ఉంది. తీసేసి సర్వర్ పరిసర చరరాశుల్లో (కోడ్ బయట, సర్వర్ సెట్టింగుల్లో దాచే విలువలు) పెట్టు. కోడ్ మార్పులన్నీ దాచే గిట్ చరిత్రలో పాతది అలాగే మిగిలి ఉంటుంది కనుక, ఫైలులోంచి తీసేసినంత మాత్రాన సరిపోదు. బాట్‌ఫాదర్‌లో దాన్ని రద్దు చేసి కొత్తది తీసుకో. ఈ పని ఈ రోజే చేయి.

సర్వర్ ఉచితంగా దొరికిందని సంబరపడకు. కొన్ని ఉచిత సర్వర్లు కొత్త కోడ్ పెట్టిన ప్రతిసారీ డిస్కును తుడిచేస్తాయి. నీ డేటాబేస్ అదే డిస్కు మీద ఒక ఫైలుగా ఉంది. రిజర్వేషన్లన్నీ ఒక్క రాత్రిలో పోతాయి. డేటాబేస్‌ను వేరే చోట పెట్టు. ఒకే పుస్తకం ఇద్దరికి రాసుకోకుండా ఆ నిబంధనను డేటాబేస్‌లోనే పెట్టు.

వెబ్‌హుక్ (బాట్‌కు వచ్చిన సందేశాలను టెలిగ్రామ్ నీ సర్వర్‌కు పంపే దారి) విషయం: సందేశం అందగానే సర్వర్ వెంటనే ‘అందింది’ అని జవాబివ్వాలి. ఇవ్వకపోతే టెలిగ్రామ్ దాన్నే మళ్లీ పంపుతుంది, పాఠకుడికి ఒకే కబురు రెండు మూడుసార్లు వెళ్లవచ్చు. బాట్ పలకకపోతే ముందు టెలిగ్రామ్‌ను ‘గెట్‌వెబ్‌హుక్‌ఇన్ఫో’ అడుగు, చివరగా వచ్చిన లోపం అందులో కనిపిస్తుంది.

నీ కొత్త ఫోనులో కాకుండా మీ అమ్మ పాత ఫోనులో, చీకటి రంగుల్లో ఒకసారి, వెలుగు రంగుల్లో ఒకసారి తెరిచి చూడు. రంగులను టెలిగ్రామ్ ఇచ్చే థీమ్ నుంచే తీసుకో. ఇప్పుడు నల్లటి నేల మీద నల్లటి అక్షరాలు వస్తున్నాయి.

మొదటి వారం పది మందికే ఇవ్వు. ఆ వారమంతా లైబ్రేరియన్ గారిని పాత రిజిస్టరులో కూడా రాయమని బతిమాలు. సాయంత్రం రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసుకో. నేను శనివారం ఫోను చేస్తాను. అప్పటికి వేరేవాళ్ల సంఖ్యతో నువ్వే ఒక రిజర్వేషన్ పంపి చూసి ఉండు. సర్వర్ కాదన్నదో లేదో నాకు చెప్పాలి.

ఇట్లు,
మామయ్య