అమ్మ టీవీ ఏ పద్దులో రాశారు?

ప్రశ్న: నాకు 42 ఏళ్లు. నేను, నా భార్య, ఇద్దరు పిల్లలు, మా అమ్మ కలిసి ఉంటాం. నాన్న పోయి మూడేళ్లయింది. ఈమధ్య ఇంటి ఖర్చులన్నీ ఎక్సెల్‌లో వేసి చూస్తే వినోదానికే జీతంలో 9 శాతం పోతోంది. పొదుపు ఆగలేదు, అప్పుల్లేవు, కానీ అనవసరం అనిపించింది. నాలుగు ఓటీటీలు, నెలకోసారి సినిమా, పెద్దవాడి గేములు, నా స్పోర్ట్స్ యాప్ (తప్పదు), అమ్మ గదిలో కేబుల్. అందరికీ ఫోన్లున్నాయి కదా అని ముందు కేబుల్ తీయించాను. అమ్మ ‘నీ ఇష్టం నాయనా’ అంది. ఫోన్‌లో యాప్ పెట్టిచ్చినా చూడదు, పెందలాడే పడుకుంటోంది. నా భార్య అత్తయ్యది తప్ప ఇంకేదైనా తీసేయమని రోజూ గొడవ. అత్తాకోడళ్లు ఒకటైపోయారు. అసలు వినోదానికి ఎంత శాతం ఖర్చు పెట్టాలి? వీళ్లని ఒప్పించేదెలా?

జవాబు: శాతం సంగతి ముందు తేల్చేద్దాం, అది చిన్న విషయం. వినోదానికి ఇంత అని ఎవరూ గీత గీయలేదు. 2005 నుంచి బాగా ప్రచారంలో ఉన్న 50-30-20 పద్ధతిలో చేతికొచ్చే జీతంలో సగం అవసరాలకు, 30 సరదాలకు, 20 పొదుపుకు అంటారు. అందులోనూ వినోదానికి విడిగా వాటా లేదు. సినిమా, బయట తిండి, ప్రయాణాలు అన్నీ ఆ 30లోనే సర్దుకోవాలి. పైగా వినోదం అంటే ఏమిటన్నది లెక్క రాసేవాళ్లను బట్టి మారిపోతుంది. ఐక్యరాజ్య సమితి వర్గీకరణలో పుస్తకాలు, పెంపుడు జంతువులు, పెరటి మొక్కలు కూడా వినోదం పద్దులోకే వస్తాయి. సినిమా చూసొస్తూ హోటల్లో తిన్నది మాత్రం వేరే పద్దు. కాబట్టి మీ 9 శాతాన్ని ఇంకొకరి అంకెతో పోల్చుకుని టెన్షన్ పడటం దండగ. ఆదాయం పెరిగేకొద్దీ అందులో తిండికి పోయే వాటా తగ్గుతుందని 1857లోనే ఎర్న్‌స్ట్ ఎంగెల్ అనే గణాంక నిపుణుడు చెప్పాడు. మిగిలిన డబ్బు ఎటో ఒకవైపు వెళ్లాలిగా! అప్పుల్లేవు, పొదుపు ఆగలేదు అని మీరే రాశారు. ఇక బాధేమిటి?

బాధ ఉంది, కానీ అది డబ్బుది కాదు. మీకూ మీ అమ్మగారికీ మధ్య ఉన్నది.

మీ జాబితాలో ఐదు వరుసలున్నాయి. నాలుగింటి వెనుక గొడవపడగల మనుషులున్నారు. గేములు ఆపితే పెద్దవాడు ఇల్లు పీకి పందిరేస్తాడు. ఓటీటీలు తీస్తే అందరూ అలుగుతారు. మీ యాప్ పక్కన మీరే బ్రాకెట్లో ‘తప్పదు’ అని రాసుకున్నారు. ఎదురు చెప్పని మనిషి ఒక్కరే ఉన్నారు, ఆవిడదే ముందు తెగింది. దీన్ని పొదుపంటారా? మెత్తనివాళ్లను చూస్తే మొత్తబుద్ధి అంటారు.

‘నీ ఇష్టం నాయనా’ అన్నదాన్ని మీరు ఒప్పుకోలు కింద జమకట్టారు. కొడుకు సంపాదన మీద ఉన్న తల్లి ఇంకేమంటుంది? ఆ మాట ఏ అమ్మ ఎప్పుడంటుందో తెలియని వయసు కాదు మీది.

ఫోన్‌లో ఎందుకు చూడదని ఆశ్చర్యపోతున్నారు. టీవీలో ఆవిడకు కావలసింది ఫలానా నంబరు నొక్కితే ఫలానా వేళకు దానంతటదే వస్తుంది. ఫోన్‌లో అయితే వెతకాలి. వేలు కాస్త పక్కకు తగిలితే ఇంకెక్కడికో పోతుంది. మధ్యలో పాస్‌వర్డ్ అడుగుతుంది. అప్పుడు మనవణ్ణి పిలవాలి, వాడు ‘ఉండు నానమ్మా’ అంటాడు. రెండుసార్లు అలా అయ్యాక మూడోసారి ఆత్మాభిమానం ఉన్న మనిషి ఎవరూ పిలవరు. బతిమాలి చేయించుకుంటే అదేం సరదా! పైగా భర్త పోయిన ఆడమనిషికి సాయంత్రాలు తొందరగా గడవవు. ఆ రెండు గంటల సీరియళ్లే ఆవిడ రోజుకు ఒక ఆకారం ఇచ్చేవి. ఆ కథల్లో పస ఉందా లేదా అన్నది మీరూ నేనూ తేల్చాల్సింది కాదు. డబ్బు తెచ్చేవాడికి ఇంట్లో అందరి సంతోషానికీ రేటు కట్టే హక్కు ఉందనుకోవడం నాకు మింగుడుపడదు.

మీ భార్య చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. అత్తాకోడళ్లు ఒకటయ్యారని విసుక్కుంటున్నారా? అది చూడాలని తపించిపోయే మగవాళ్లు ఎంతమందో!

కేబుల్ ఈ వారంలోనే మళ్లీ పెట్టించండి. పెట్టించి ‘నీ కోసమేనమ్మా’ అని దయ చూపించకండి. నిన్ను అడక్కుండా తీయించాను, తప్పయింది అని ఒక్కసారి చెప్పి ఊరుకోండి. ప్రతి నెలా ఆవిడ చేతికి కొంత డబ్బివ్వండి, దానికి లెక్క అడగకండి. కేబుల్ డబ్బు అందులోంచి ఆవిడే కట్టుకుంటారు. ఆవిడ పేరున విడిగా ఏదైనా వస్తుంటే దాన్ని మీ ఎక్సెల్‌లో కలపకండి.

అంతగా మిగల్చాలనిపిస్తే ఓటీటీల్లో మిగుల్చుకోండి. నాలుగూ ఒకే నెలలో ఎవరూ చూడరు. ఒకటి ఉంచి, అందులో చూడాల్సింది అయిపోయాక ఇంకోటి తీసుకోండి. ఆటోమేటిక్‌గా రెన్యూ అయ్యే సెట్టింగ్ ఆపేయండి. చూడడం మానేసిన వాటికి కూడా డబ్బు పోయేది అక్కడే. అబ్బాయి గేములకు మీ కార్డు తగిలించి ఉంటే తీసేయండి, కొనే ప్రతిసారీ మీ పాస్‌వర్డ్ అడిగేలా పెట్టండి.

ఒప్పించడం సంగతి అడిగారు. ఒప్పించడం కాదు, అడగడం నేర్చుకోండి. అందరినీ కూర్చోబెట్టి ఎవరికి ఏది కావాలో అడగండి. అమ్మతోనే మొదలుపెట్టండి. ఆవిడ మళ్లీ ‘నీ ఇష్టం’ అంటే అక్కడితో వదిలేయకండి.

ఇంకొక్కటి. టీవీ వచ్చాక కూడా రెండు మూడు వారాలపాటు అలాగే పెందలాడే పడుకుంటుంటే, తిండి తగ్గితే, నలుగురిలో కూర్చోవడం మానేస్తే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. పెద్దవాళ్లలో డిప్రెషన్ ఏడుపులా కనిపించకపోవచ్చు. నిద్రలో, ఆకలిలో తేడా రావడం, దేనిమీదా ఆసక్తి లేకపోవడం, ఇలా బయటపడుతుంది. కళ్లూ చెవులూ కూడా అప్పుడే పరీక్ష చేయించండి.