రాత్రి పదికి ఎక్కితే పన్నెండున్నరకే కువైట్?

అన్నయ్యా, మీ అమ్మగారి టికెట్‌లో హైదరాబాద్‌లో రాత్రి 10కి ఎక్కి 12:30కే కువైట్‌లో దిగినట్టుంది, తప్పు పడిందేమో అన్నారు కదా. తప్పేం కాదు, టెన్షన్ పడకండి. టికెట్ మీద ఏ ఊరి టైమ్ ఆ ఊరిదే వేస్తారు. కువైట్ మనకంటే రెండున్నర గంటలు వెనక. అక్కడ 12:30 అంటే మీ రావులపాలెంలో తెల్లవారుజామున 3. దూరం దాదాపు 3,400 కిలోమీటర్లు, ప్రయాణం సుమారు 5 గంటలు. తిరిగొచ్చేటప్పుడు కాగితం మీద ఏడు, ఏడున్నర గంటలు కనిపిస్తుంది. అదీ ఈ లెక్కే.

మా అమ్మ వాచీ మార్చనే లేదు, మన టైమ్ చూసుకునే మాకు ఫోన్ చేసేది. అన్నట్టు, ఆత్రేయపురం పూతరేకులు పంపిస్తుంటే స్టీలు డబ్బాలో సర్ది చేతిసంచిలో పెట్టండి. పెద్ద పెట్టెలో వేస్తే పొడిపొడి అయిపోతాయి.