వికర్షణ లెక్కను విడిగా కట్టు

అనంతపురం

చిరంజీవి అమ్మాయికి,

పెదనాన్న ఆశీస్సులు. కడప యోగి వేమన విశ్వవిద్యాలయంలో నీ ప్రాజెక్టుకు అణువుల మధ్య వికర్షణను తీసుకున్నావని మీ నాన్న ఫోనులో చెప్పాడు. చాలా సంతోషించాను. స్ఫటికంలో అణువులు ఎంత దగ్గరగా సర్దుకోగలవో ముఖ్యంగా తేల్చేది ఆ వికర్షణే.

ఆకర్షణ దూరపు ఆరో ఘాతంతో, వికర్షణ 12వ ఘాతంతో తగ్గుతాయని రాసే లెనార్డ్-జోన్స్ సూత్రంతో మొదలుపెట్టావట. అందులోని 12వ ఘాతానికి భౌతికమైన ఆధారం లేదు. ఆరో ఘాతాన్ని వర్గం చేస్తే అది వచ్చేస్తుంది, కంప్యూటర్‌కు పని తగ్గుతుంది, అంతే. అసలు వికర్షణ, ఒకే స్థితిలో రెండు ఎలక్ట్రాన్లు ఉండలేవనే పౌలీ వర్జన నియమం నుంచి పుడుతుంది. రెండు ఎలక్ట్రాన్ మేఘాలు ఎంతగా ఒకదానిలోకి ఒకటి చొరబడితే అంత వికర్షణ. ఆ మేఘాల అంచులు దూరంతో ఘాతీయంగా పలచబడతాయి కనుక 1932లో బోర్న్, మేయర్ వాడిన ఘాతీయ రూపమే నిజానికి దగ్గర. నువ్వు దానికే మారాలని నా కోరిక.

మారేటప్పుడు ఒక ప్రమాదం ఉంది. ఘాతీయ వికర్షణకు ఆరో ఘాతపు ఆకర్షణను జోడించే బకింగ్‌హామ్ సూత్రంలో దూరం సున్నాకు చేరేకొద్దీ వికర్షణ ఒక విలువ దగ్గర ఆగిపోతుంది, ఆకర్షణ మాత్రం హద్దు లేకుండా పెరుగుతుంది. ఉష్ణోగ్రత బాగా పెంచితే పరమాణువులు ఒకదానిమీద ఒకటి కూలిపోతాయి. టాంగ్, టోనీస్ 1984లో ఇచ్చిన ప్రమేయంతో ఆకర్షణను దగ్గరి దూరాల్లో అణిచిపెట్టు.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైన మాట. మొత్తం శక్తికి సరిపోయేలా వికర్షణ విలువలను సర్దవద్దు. అలా సర్దితే విద్యుదావేశాల్లో ఉన్న తప్పును కూడా వికర్షణే మోస్తుంది. నువ్వు తీసుకున్న అణువుల జంటకు అంతా సరిపోయినట్టే కనిపిస్తుంది, వేరే అణువు దగ్గర బండారం బయటపడుతుంది. సాప్ట్ (SAPT) అనే క్వాంటం లెక్కల పద్ధతి స్థిరవిద్యుత్ శక్తి, వినిమయ వికర్షణ (మేఘాల చొరబాటు వల్ల వచ్చేది), ప్రేరణ (ఒక అణువు మరోదాని మేఘాన్ని వంచడం వల్ల వచ్చేది), విక్షేపణ (మేఘాల క్షణిక కదలికల వల్ల వచ్చే ఆకర్షణ) అని శక్తిని విడదీసి ఇస్తుంది. సై4 (Psi4) అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఆ సౌకర్యం ఉంది. చిన్న అణువులకు మామూలు కంప్యూటర్ చాలు. వినిమయ భాగాన్ని మాత్రమే తీసుకుని, దాని సహజ సంవర్గమానాన్ని దూరానికి ఎదురుగా గీసి చూడు. దాదాపు సరళరేఖ వస్తుంది. దాని వాలే నీ ఘాతాంకం.

ఒకే దిశ నుంచి లెక్కించి ఊరుకోవద్దు. కర్బనానికి అంటిన క్లోరిన్ పరమాణువు బంధం దిశలో చదునుగా, పక్కల ఉబ్బుగా ఉంటుంది. గోళంగా భావిస్తే అక్కడ లెక్క తప్పుతుంది.

ముందు మీథేన్ జంటను చెయ్యి. నీటి జంట తరవాత. హైడ్రోజన్ బంధంలో ఆక్సిజన్, హైడ్రోజన్ రెండు ఆంగ్‌స్ట్రామ్‌ల (ఒక ఆంగ్‌స్ట్రామ్ అంటే సెంటీమీటరులో పది కోట్లో వంతు) దగ్గరికి వచ్చేస్తాయి. మామూలుగా వాటి వ్యాసార్ధాల మొత్తం 2.7. అంటే సమతాస్థితిలోనే వికర్షణ బలంగా ఉందన్నమాట. మీథేన్ రేఖ చేతికి వచ్చాక పంపించు, కూర్చుని చూస్తాను.

మీ పెదనాన్న