కంటైనర్‌లో వీఎన్‌సీ సర్వర్ మెమరీ దొరకలేదని పడిపోతోంది, ర్యామ్ మాత్రం ఖాళీగానే ఉంది

మీ ప్రశ్న ఇది: హోస్ట్ (అసలు మెషీన్) మీద బాగా నడిచే వీఎన్‌సీ సర్వర్ (తెరని దూరం నుంచి చూపించే ప్రోగ్రామ్), డాకర్ కంటైనర్‌లో (ప్రోగ్రామ్‌ని విడిగా నడిపే పెట్టెలో) పెట్టగానే "కెనాట్ అలొకేట్ మెమరీ" అని రాసి ఎగ్జిట్ కోడ్ 1తో ఆగిపోతోంది. ర్యామ్ 8 జీబీ, స్వాప్ లేదు, 6 జీబీ ఖాళీ. రిజల్యూషన్ తగ్గించినా మారలేదు.

మారదు కూడా. 1920×1080 తెరకి పిక్సెల్‌కి 4 బైట్ల చొప్పున ఫ్రేమ్‌బఫర్ (తెర బొమ్మని దాచే మెమరీ) 82,94,400 బైట్లే. దాన్ని నాలుగింతలు చేసినా 33 ఎంబీ. తప్పు తెర దగ్గర లేదు.

ఎగ్జిట్ కోడ్ మీకు సగం పని చేసి పెట్టింది. 137 అయితే ఓఓఎమ్ కిల్లర్‌ని (మెమరీ అయిపోతే ప్రాసెస్‌ని చంపే కెర్నల్ భాగాన్ని) అనుమానించి కెర్నల్ లాగ్ చూడాలి. 134తో పాటు మాలాక్ (ప్రోగ్రామ్‌కి మెమరీ తెచ్చిపెట్టే ఫంక్షన్) కరప్షన్ మెసేజ్ వస్తే ర్యామ్ చాలక కాదు, హీప్ (అలా తెచ్చిన మెమరీ) పాడై పడిపోయినట్టు. అది వాల్‌గ్రైండ్ అనే మెమరీ తప్పులు పట్టే టూల్‌తో వెతకాల్సిన బగ్. 135 బస్ ఎర్రర్, డాకర్ డిఫాల్ట్‌గా ఇచ్చే 64 ఎంబీ షేర్డ్ మెమరీ నిండితే వచ్చేది. మీది ఇవేవీ కాదు. సర్వర్ ఏదో పెద్ద ముక్క అడిగింది, కెర్నల్ ఇవ్వనంది.

ఎంత అడిగిందో ఎస్‌ట్రేస్ (ప్రోగ్రామ్ కెర్నల్‌ని అడిగేవన్నీ చూపించే టూల్) చెబుతుంది. ఇమేజ్‌లో దాన్ని ఇన్‌స్టాల్ చేసి, మెమరీ అడిగే ఎమ్‌మ్యాప్, బీఆర్‌కే కాల్స్ మాత్రమే ఫిల్టర్ చేసి సర్వర్‌ని దాని కింద నడపండి. చివర్లో ఈనోమెమ్‌ (మెమరీ లేదు అనే ఎర్రర్)తో తిరిగొచ్చిన ఎమ్‌మ్యాప్‌లో సైజు 8589934592 అని కనిపిస్తే దొంగ దొరికినట్టే. దాన్ని 8తో (ఒక పాయింటర్ సైజు బైట్లతో) భాగిస్తే 1073741824. ఇప్పుడు కంటైనర్ షెల్‌లో ఓపెన్ ఫైల్స్ యూలిమిట్ (ఒక ప్రాసెస్ తెరవగల ఫైళ్ల పరిమితి) చూడండి, 1073741816 ఉంటుంది. ఆ 8 తేడా, మాలాక్ తన హెడర్ కలుపుకుని పేజీ సైజుకి సరిచేయడం వల్ల వచ్చింది.

కొన్ని సర్వర్లు ఎన్ని ఫైల్ డిస్క్రిప్టర్లు (తెరిచిన ఫైళ్లకి ఇచ్చే నంబర్లు) తెరవొచ్చో ఆ లిమిట్‌ని అడిగి, ఒక్కోదానికి ఒక పాయింటర్ చొప్పున టేబుల్ కట్టేస్తాయి. లిమిట్ 1024 ఉన్న రోజుల్లో అది 8 కేబీ, ఎవరికీ పట్టలేదు. డాకర్ సర్వీస్ ఫైల్‌లో లిమిట్ ఇన్ఫినిటీ అని ఉంటే అదే టేబుల్ 8 జీబీ, మీ 8 జీబీ మెషీన్‌లో అంత ఒక్క ముక్కగా కెర్నల్ ఇవ్వదు. హోస్ట్‌లో మీ షెల్ లిమిట్ ఇప్పటికీ 1024 కాబట్టి అక్కడ నడుస్తోంది. 32 జీబీ మెషీన్ ఉన్నవాళ్లు "నా దగ్గర బానే ఉంది" అంటారు, నమ్మకండి: రాయని పేజీలకి లైనక్స్ నిజమైన ర్యామ్ ఇవ్వదు, అందుకే అక్కడ బయటపడదు.

కంటైనర్ నడిపేటప్పుడు యూలిమిట్ ఆప్షన్‌లో నోఫైల్‌కి (ఓపెన్ ఫైల్స్ లిమిట్‌కి) సాఫ్ట్ (ఇప్పుడు వర్తించే లిమిట్) 1024, హార్డ్ (గరిష్ఠం) 524288 ఇవ్వండి. కంటైనర్లని ఫైల్‌లో రాసి నడిపే డాకర్ కంపోజ్ వాడితే యూలిమిట్స్ సెక్షన్‌లో అవే అంకెలు. కంటైనర్‌ని తీసేసి కొత్తగా సృష్టించాలి, రీస్టార్ట్ చాలదు. తర్వాత ప్రాక్ డైరెక్టరీలో ఆ ప్రాసెస్ కింద ఉన్న లిమిట్స్ ఫైల్ తెరిచి చూసుకోండి.

ఓవర్‌కమిట్‌ని (ఉన్న ర్యామ్ కంటే ఎక్కువ మెమరీ ఇవ్వాలా అనే కెర్నల్ సెట్టింగ్‌ని) 1, అంటే ఎప్పుడూ ఇవ్వు, అని చేయమనే సలహా జోలికి పోవద్దు. ఎర్రర్ పోతుంది కానీ సర్వర్ ఆ టేబుల్‌ని సున్నాలతో నింపడం మొదలుపెడితే ఈసారి 137 చూస్తారు.