ముగ్గు పోసి చూశాకే గీయండి

ఇల్లూ వాకిలీ: పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: సార్‌కి నమస్కారం. మేం తిరుపతి జీవకోనలో ఉంటాం. నేను టైలరింగ్ చేస్తాను. మా అబ్బాయి సివిల్ డిప్లొమా చివరి సంవత్సరం, మా తమ్ముడు మేస్త్రీ. మా ప్రాంతంలో ఇళ్ల కష్టాలకు ఇక్కడివాళ్లే డిజైన్లు ఇవ్వాలని ఒక పోటీ పెట్టారు. రెండు పెద్ద షీట్ల మీద బొమ్మలు, రెండు పేజీల వివరణ, ఖర్చు అంచనా పంపాలి. ఐదుగురి దాకా టీముగా చేరొచ్చు. గడువు నెలన్నర. మాలో ఆర్కిటెక్ట్ ఎవరూ లేరు. కాలేజీ పిల్లలు కంప్యూటర్‌లో త్రీడీ బొమ్మలు చేస్తున్నారని విన్నప్పటి నుంచి మావాడికి ఒకటే టెన్షన్. మేం పంపొచ్చా? పంపితే ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక సోదరి, తిరుపతి

జవాబు: పంపండమ్మా, తప్పకుండా పంపండి. ఆర్కిటెక్ట్ ఉండి తీరాలని షరతుల కాగితంలో ఉందేమో ఒకసారి చూసుకోండి. లేకపోతే మీకు అడ్డేమీ లేదు. ఒక్క జాగ్రత్త మాత్రం తీసుకోండి. 1972 ఆర్కిటెక్ట్స్ చట్టం ప్రకారం కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో పేరు నమోదైనవాళ్లే ఆర్కిటెక్ట్ అనే మాట పేరు పక్కన పెట్టుకోవాలి. మీరు టైలర్, మేస్త్రీ, డిప్లొమా విద్యార్థి అనే రాయండి. నన్నడిగితే ఒక ఇంటి డిజైనుకు ఇంతకంటే మంచి టీము దొరకదు.

ఎందుకంటున్నానో చెప్తాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో చిత్తూరు దగ్గర ఒక కాలనీకి నేనే ప్లాను గీశాను. నలభై ఇళ్లకూ ఒకటే ప్లాను. వంటగది వెనకవైపు మూలకు పెట్టాను, దానికి ఒక చిన్న కిటికీ. కాగితం మీద చక్కగానే కనిపించింది. ఏడాది తర్వాత వెళ్తే ఒక్క ఇంట్లోనూ లోపల వంట లేదు. అందరూ వాకిట్లో మూడు రాళ్లు పెట్టుకున్నారు. వంటగదుల్లో శెనక్కాయ మూటలున్నాయి. కట్టెల పొగ పోయే దారి లేదు, వంట చేస్తూ పిల్లల మీద కన్నేసి ఉంచే వీలూ లేదు. ‘వండేది మేం కదా సామీ, ఒక మాట అడిగుంటే చెప్పుంటాం’ అంది ఒకామె. ఆ తర్వాత ఎవరినీ అడగకుండా నేను పెన్సిలు పట్టలేదు.

మనిషిని నిలబెట్టి కొలత తీయకుండా మీరు గుడ్డ కత్తిరించరు కదా, ఇదీ అంతే. ఊరంతటి సమస్యా నెత్తికెత్తుకోకుండా మీ సందులో పది ఇళ్లు తీసుకోండి. టేపు, నోటుపుస్తకం పట్టుకుని మీరే వెళ్లండి, ఆడవాళ్లు మీతో మనసు విప్పి మాట్లాడతారు. ఇంట్లో ఎంతమంది ఉంటారు, పగటిపూట ఎవరుంటారు, ఎండాకాలం రాత్రి ఎక్కడ పడుకుంటారు, వానకు మిద్దె ఎక్కడ ఉరుస్తుంది అని అడగండి. మెట్ల వెడల్పు కొలవండి. గ్యాస్ బండ పైకి ఎవరు మోస్తున్నారు? నెలలు నిండినామె ఆ మెట్లు ఎలా దిగింది? ఇంట్లో ఎవరైనా పోతే పాడె తిప్పడానికి చోటుందా? ఈ మూడో ప్రశ్న అడగడానికి నోరు రాదు, నాకు తెలుసు. అయినా అడగండి. సందు ఎంత ఇరుకో దానికొచ్చే జవాబులోనే తెలుస్తుంది.

మీది కొండ అడుగున ఉన్న పేట కాబట్టి నీళ్ల సంగతి విడిగా రాయాలి. 2021 నవంబరు వానలప్పుడు కొండనీళ్లు ఏ ఇంటి గడప దాటాయో, ఎవరింట్లో మోకాలి దాకా నిలిచాయో ఇంటింటికీ రాసుకోండి. పై వీధి నుంచి కింది వీధి దాకా నేల ఎంత దిగిందో మీ తమ్ముడు ట్యూబు లెవల్ (నీళ్లు నింపిన పైపు) పట్టి ఒక పూటలో చెప్తాడు. ఆ వాలును నిలువు కోత బొమ్మగా, అంటే వీధిని నిలువుగా కోసి పక్క నుంచి చూసినట్టు, ఒక షీటు మీద మీవాణ్ణి చేత్తోనే గీయమనండి. నీళ్లు వచ్చే దారి, ఇళ్ల గడపల ఎత్తు ఆ ఒక్క బొమ్మలో కనిపిస్తే త్రీడీ గురించి వాడు దిగులు పడక్కర్లేదు.

ఇప్పుడు ఎండలు కాబట్టి వేడి కొలవడానికీ మంచి సమయం. గోడకు తగిలించే థర్మామీటర్ ఒకటి కొని మధ్యాహ్నం రెండింటికి, రాత్రి పదింటికి గదిలో చూడండి. స్లాబు పగలు తాగిన ఎండను రాత్రి ఇంట్లోకి వదులుతుంది. ఎవరైనా ఒప్పుకుంటే వాళ్ల మిద్దెకు తెల్ల సున్నం రెండు పూతలు వేసి, పక్కింటి గదితో పోల్చి వారం పాటు రాయండి. తెలంగాణ ప్రభుత్వం 2023లో ఇలాంటి చల్లటి పైకప్పుల కోసం ఒక పాలసీయే తెచ్చింది.

గోడల విషయంలో మీ తమ్ముడికి ఒక పని. తిరువనంతపురంలో ఆర్కిటెక్ట్ లారీ బేకర్ ఎన్నో ఇళ్లకు వాడిన ర్యాట్ ట్రాప్ పద్ధతి ఉంది. ఇటుకను పడుకోబెట్టకుండా అంచు మీద నిలబెట్టి, తొమ్మిదంగుళాల గోడలోనే మధ్యలో ఖాళీ వదులుతారు. ఇటుకలు దాదాపు నాలుగో వంతు మిగులుతాయి, లోపలి గాలి వల్ల వేడి తక్కువగా దిగుతుంది. అడుగు వరుసలూ, తలుపులు కిటికీల పక్కలూ మాత్రం ఖాళీ లేకుండా కట్టాలి. మీ వాకిట్లో మూడడుగుల గోడ కట్టి, ఎన్ని ఇటుకలు పట్టాయో లెక్క రాసి, ఫొటో షీటులో పెట్టండి.

ఇక చోటు. పట్టణాల్లో 2020 డిసెంబరులో ప్రభుత్వం పేదలకు పంచడం మొదలుపెట్టిన ఇళ్ల పట్టాల్లో చాలావరకు ఒక సెంటువే, అంటే 48.4 చదరపు గజాలు. అంత చోటులో ఇల్లు ఒక్కసారిగా పూర్తి కాదు. కొడుక్కి పెళ్లయితే పైన గది పడుతుంది, అందుకే మెట్ల చోటు మొదటిరోజే తేల్చుకోవాలి. ఆర్కిటెక్ట్ బి.వి.దోషి ఇండోర్‌లో 1980ల్లో అరణ్య కాలనీకి ఈ లెక్కతోనే ప్లాను వేశారు. పేద కుటుంబాలకు పునాది, మరుగుదొడ్డి, నీళ్ల వసతి ముందు ఇచ్చారు. మిగతాది వాళ్లు చేతిలో డబ్బు ఆడినప్పుడల్లా కట్టుకున్నారు. మీరూ మొదటి ఏడాది ఇల్లు, ఐదో ఏడాది ఇల్లు అని రెండు బొమ్మలు వేస్తే బాగుంటుంది.

గీసిన ప్లానును వెంటనే షీటు మీదికి ఎక్కించకండి. ఏదైనా ఖాళీ జాగాలో అసలు కొలతలతో ముగ్గు పోయండి. ఇల్లు కట్టే ముందు ముగ్గు పోయడం మీ తమ్ముడికి రోజూ ఉన్న పనే. అందులో మంచం వేయండి, నీళ్ల డ్రమ్ము పెట్టండి, మీ కుట్టుమిషను తెచ్చి పెట్టండి. సందులోని ఆడవాళ్లను పిలిచి లోపల తిరగమనండి. బిందెతో ఒకామె వస్తుంటే మంచం తగిలిందా, గీత చెరిపి అర అడుగు జరపండి. చెరిపిన గీతలు కూడా ఫొటో తీసి పంపండి.

ఖర్చు అంచనాకు పుస్తకాల రేట్లు వద్దు. ఇసుక ట్రాక్టరు, సిమెంటు బస్తా, మేస్త్రీ కూలి, మనిషి కూలి ఈ నెల మీ పేటలో ఎంతుంటే అంతే వేయండి.

ప్రశ్న: అయ్యా, ఇళ్ల డిజైన్ల పోటీకి మా క్లాసు తరఫున పేరిచ్చాం. ‘వచ్చిన డిజైన్లన్నిటి మీదా సర్వహక్కులు నిర్వాహకులవే’ అని ఫారంలో ఉంది. సంతకం పెట్టొచ్చా?
– ఒక విద్యార్థి, చిత్తూరు

జవాబు: అలాగే పెట్టకు బాబూ. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం బొమ్మ మీద మొదటి హక్కు గీసినవాళ్లది. రాతపూర్వకంగా ఇస్తే తప్ప అది వేరొకరికి పోదు, నీ సంతకం ఉన్న ఆ ఫారమే ఆ రాత అవుతుంది. బహుమతి వచ్చిన డిజైనుకు అలా అడిగారంటే కొంత అర్థముంది. బహుమతి రానివి కూడా వాళ్లకెందుకు? ‘ఎంపికైన డిజైను కట్టేటప్పుడు మా పేర్లు వేయాలి, ఎంపిక కానివాటి హక్కు మాకే ఉండాలి, మేం కొలిచిన ఇళ్లవాళ్లు ఈ ప్లాను ఉచితంగా వాడుకోవచ్చు’ అని మూడు వాక్యాలతో నిర్వాహకులకు ఉత్తరం రాయి. మూడోది ముఖ్యం, వాళ్లు తలుపు తీసి లోపలికి రానిస్తేనే కదా మీకు ఆ ప్లాను వచ్చింది. దానికీ ఒప్పుకోకపోతే నేనైతే పంపను. గడువు దగ్గర పడ్డాక షరతులు మార్చరు, ఆ ఉత్తరం ఈ వారమే ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకో.