తాహోలో గోల్ఫ్ బంతి గ్రీన్ దాటిపోతుంటే

కాలిఫోర్నియాలోనే కింద ఉన్న ఫ్రీమాంట్‌లో ఏడో నంబర్ ఐరన్ (బంతిని కొట్టే ఓ రకం కర్ర)తో గ్రీన్ (హోల్ చుట్టూ ఉండే నున్నటి గడ్డి) మీద పడే బంతి, తాహో సరస్సు దగ్గర కింగ్స్ బీచ్‌లోని ఓల్డ్ బ్రాక్‌వే గోల్ఫ్ కోర్సులో గ్రీన్ దాటి అవతలికి పోతోందన్నారు కదా. మీ స్వింగ్‌లో తప్పేం లేదండీ, అదంతా ఎత్తు ప్రభావం. తాహో సరస్సు నీటిమట్టమే సముద్రమట్టానికి దాదాపు 6,225 అడుగుల ఎత్తు. అక్కడ గాలి పల్చన, బంతికి అడ్డు తక్కువ. ఏడు తీసే చోట తక్కువ దూరం కొట్టే ఎనిమిది తీయండి, అదీ నిండు షాట్లకే. చిప్‌లు, పట్‌లు (గ్రీన్ దగ్గర, గ్రీన్ మీద కొట్టే చిన్న షాట్లు) ఎప్పట్లాగే. ఈ కోర్సులో ఉన్నవి తొమ్మిది హోల్సే కాబట్టి ఈ లెక్క మొదట్లోనే పట్టేయాలి. పైన్ చెట్లలోకి పోయిన బంతిని వెతకడానికి రూల్ ప్రకారం 3 నిమిషాలే. అనుమానముంటే ముందే ప్రొవిజనల్ (మొదటిది దొరక్కపోతే ఆడుకునే రెండో బంతి) కొట్టేయండి. సరస్సు కనిపించగానే ఫోటోలంటూ వెనక గ్రూపుని ఆపకండి, మనవాళ్లకి ఆ సరదా కాస్త ఎక్కువే! పొద్దున్నే చలిలో మాత్రం బంతి అంత దూరం పోదు, మీ ఆట మొదలయ్యే సమయం (టీ టైమ్) అప్పుడైతే ఏడుతోనే మొదలుపెట్టండి.